హిందీ ‘కర్’కూ సంస్కృత ‘క్త్వా’కూ ఉన్న చుట్టరికం ఎంత?

సంపాదకులకు నమస్కారములు.

మీ ఆదివారం అనుబంధంలో హిందీ నేర్చుకొనే విద్యార్థుల కోసం ఇటీవల వెలువడిన వ్యాసంలో, హిందీ ‘జాకర్’, ‘ఖాకర్’ వంటి రూపాలలోని ‘కర్’ సంస్కృత ‘క్త్వా’ ప్రత్యయం అరిగి మిగిలిన రూపమేననీ, తెలుగు వచ్చినవారు ‘వెళ్లి’, ‘తిని’ అన్న చోటల్లా ధాతువుకు ‘కర్’ చేరిస్తే సరిపోతుందనీ రాశారు. వ్యాసకర్త ఉద్దేశం మంచిదే. పిల్లలకు భయం పోగొట్టాలన్న తపన అందులో కనబడుతున్నది. కాని పై రెండు మాటల్లో మొదటిది భాషాచరిత్రకు విరుద్ధం, రెండవది పరీక్షలో మార్కులు పోగొట్టేది. నగరంలోని ఉన్నత పాఠశాలల్లో హిందీ పండిట్‌గా పనిచేసి, పదవీ విరమణ తరువాత నల్లకుంటలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు సంస్కృతం చెబుతున్నవాడిగా ఈ విషయాన్ని కొంత వివరంగా మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

ముందు చరిత్ర చూద్దాం. సంస్కృతంలో ‘వెళ్లి’, ‘చేసి’ అనే అర్థంలో వచ్చే అసమాపక క్రియకు రెండు రూపాలున్నాయి. ఉపసర్గ (ధాతువు ముందు చేరే ‘ఆ’, ‘ఉప’, ‘వి’ వంటిది) లేని ధాతువుకు ‘క్త్వా’ వస్తుంది: గత్వా, కృత్వా, హసిత్వా. ఉపసర్గ ఉన్నప్పుడు దాని స్థానంలో ‘ల్యప్’ వస్తుంది: ఆగత్య, ఉపకృత్య, విహస్య. వ్యతిరేకార్థంలో వచ్చే ‘అ’కారానికి మాత్రం ఈ మార్పు లేదు కనుక ‘అకృత్వా’ అనే అంటాము. ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థి కూడా ఈ విభాగం కంఠస్థం చేస్తాడు. అయితే ఇది వ్యాకరణం ఉంచిన కట్టుబాటే గాని, జనం నోట ఎల్లకాలం నిలిచినది కాదు. రామాయణ, భారతాలలోనే ఉపసర్గ లేని ‘గృహ్య’ అనే రూపం ‘గృహీత్వా’కు బదులుగా పదే పదే కనబడుతుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు వేయించిన గిర్నార్ శాసనంలో దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఉన్నది. ఏ ప్రాణినీ చంపి హోమం చేయరాదని చెప్పే ఆ వాక్యం ‘న కించి జీవం ఆరభిత్పా ప్రజూహితవ్యం’ అని సాగుతుంది. ‘ఆ’ అనే ఉపసర్గ ఉన్నది కాబట్టి పాణిని లెక్కన అక్కడ ‘ఆలభ్య’ అని ఉండవలసింది. శాసనంలో ఉన్నది మాత్రం ‘త్వా’ నుంచి పుట్టిన రూపం. (ఇవే ధర్మలిపులు మన కర్నూలు ప్రాంతంలోని ఎర్రగుడి బండలమీద కూడా ఉన్నాయి. తెలుగునేల మీది పిల్లలకు ఈ పాఠం చెప్పడానికి గుజరాత్ దాకా పోనక్కరలేదు.)

అంటే ‘త్వా’, ‘య’ల మధ్య గోడ ఆనాటికే కూలిపోయింది. కూలిన తరువాత ప్రాకృతాలు రెండు దారులు పట్టాయి. శాతవాహనుల కాలం నుంచి దక్కనులో కావ్యభాషగా వెలిగిన మాహారాష్ట్రీ ప్రాకృతం ‘త్వాన’ అనే పొడిగింపు రూపాన్ని పట్టుకొని ‘హసిఊణ’, ‘గంతూణ’, ‘కాఊణ’ అన్నది. నేటి మరాఠీలోని ‘హసూన్’, ‘కరూన్’, ‘జాఊన్’ అక్కడి నుంచి వచ్చినవే. కనుక ‘త్వా’ వారసత్వం ఎవరి ఇంట ఉన్నదని అడిగితే మరాఠీ ఇంట అని చెప్పాలి. హిందీకి పూర్వరూపమైన శౌరసేనీ వర్గం ప్రధానంగా రెండవ దారి పట్టి, ‘య’ను ‘ఇఅ’గా మార్చి, ఉపసర్గ ఉన్నా లేకున్నా అన్ని ధాతువులకూ వాడింది. ఆ తరువాతి అపభ్రంశ దశలో ఈ అర్థానికి రూపాలు గుంపులుగా పుట్టాయి. 12వ శతాబ్దంలో గుజరాత్‌లో జైన ఆచార్యుడు హేమచంద్రుడు రాసిన వ్యాకరణం అపభ్రంశానికి ఎనిమిది ప్రత్యయాలు చెబుతుంది: ఇ, ఇఉ, ఇవి, అవి, ఏప్పి, ఏప్పిణు, ఏవి, ఏవిణు. వీటిలో గట్టిగా నిలిచినది అన్నిటికన్నా చిన్నదైన ‘ఇ’. అవధీ, వ్రజభాషా కవుల ‘సుని’, ‘దేఖి’, ‘కరి’ రూపాలలో మనకు వినబడేది ఆ ‘ఇ’కారమే. నేటి హిందీకి ఆధారమైన ఖడీబోలీలో ఆ పొట్టి ఇకారం కూడా ఉచ్చారణలో రాలిపోయి, ‘సున్’, ‘దేఖ్’, ‘కర్’ అని ఒట్టి ధాతువు మిగిలింది.

వ్యాసకర్త పొరబాటు ఇక్కడే జరిగింది. ఒట్టి ధాతువు మిగిలినప్పుడు అది ఆజ్ఞార్థకమో, అసమాపకమో తెలియని చిక్కు వచ్చింది. ఆ చిక్కు తీర్చడానికి భాష ‘చేయు’ అనే అర్థమున్న ధాతువునే మరొకసారి అసమాపక రూపంలో తెచ్చి పక్కన నిలబెట్టింది. ‘దేఖ్ కర్’లోని ‘కర్’ అదే. అది ‘కృ’ ధాతువు నుంచి వచ్చిన క్రియాపదమే గాని, ‘క్త్వా’ అనే ప్రత్యయం కాదు. అందువల్లనే ‘కర్‌నా’ ధాతువుకు ‘కర్ కర్’ అనకుండా ‘కర్‌కే’ అంటారు. మన హైదరాబాద్ దక్కనీలో ‘జాకో’, ‘ఖాకో’, ‘కర్‌కో’ అని ‘కో’ వినబడుతుంది. అదీ ఈ పని కోసం పక్కన చేరిన తోడుమాటే. పాతబస్తీలో ‘ఖాకో ఆ’ అన్న మాట విని నవ్వే హిందీ పండితులను నేనెరుగుదును. వారు తలకెత్తుకొనే ‘ఖాకర్’ కూడా అదే విధంగా అతుకుపెట్టుకొన్న రూపమేనని వారికి గుర్తు చేయవలసి వచ్చేది.

రూపం సంగతి ఇంతటితో చాలు. అసలు చెప్పదలచినది నియమం గురించి.

పాణిని క్త్వా ప్రత్యయాన్ని విధించిన సూత్రం ‘సమానకర్తృకయోః పూర్వకాలే’. రెండు క్రియలకూ కర్త ఒకరే అయినప్పుడు, ముందు జరిగిన క్రియను తెలిపే ధాతువుకు ఇది వస్తుందని అర్థం. సూత్రంలో రెండు షరతులున్నాయి: కర్త ఒకరే కావాలి, కాలం ముందుది కావాలి. హిందీ వ్యాకరణాలు ఈ రూపాన్ని ‘పూర్వకాలిక్ క్రియా’ అని పిలిచాయి, అంటే సూత్రంలో రెండవ షరతును పేరుగా తీసుకొన్నాయి. మన తెలుగు వ్యాకరణాలు ‘క్త్వార్థకం’ అన్నాయి, అంటే ప్రత్యయాన్ని పేరుగా తీసుకొన్నాయి. మొదటి షరతు ఏ పేరులోనూ లేకుండా పోయింది. విచిత్రమేమిటంటే, హిందీలో పాణిని ప్రత్యయం మిగలలేదు గాని, ఎవరూ పేరుపెట్టని ఆ మొదటి షరతు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. తెలుగులో మాత్రం ఆ షరతు అంత గట్టిది కాదు. మన పిల్లలు తప్పులు చేసేది సరిగ్గా ఆ సందులోనే.

మీ వ్యాసంలోని ఉదాహరణనే తీసుకొందాం. ‘వర్షం పడి చెరువు నిండింది’ అనే వాక్యానికి ‘బారిష్ హోకర్ తాలాబ్ భర్ గయా’ అని హిందీ ఇచ్చారు. తెలుగు వాక్యం సలక్షణంగా ఉన్నది. పడినది వర్షం, నిండినది చెరువు, కర్తలు వేరు, అయినా మనకు ఏ ఇబ్బందీ లేదు. కరెంటు పోయి మోటారు ఆగిపోయింది, ఎండలు ముదిరి బోర్లు ఎండిపోయాయి, టైరు పంక్చరై బస్సు నిలిచిపోయింది అని రోజూ అంటాము. హిందీవాడికి ఇవేవీ ‘కర్’తో చెల్లవు. ‘బారిష్ హోనే సే తాలాబ్ భర్ గయా’, ‘బిజ్లీ జానే సే మోటర్ బంద్ హో గయీ’ అని ‘-నే సే’తో చెప్పుకోవాలి. సంస్కృతంలోనూ అంతే. ‘వృష్టిః పతిత్వా తటాకః పూర్ణః’ అని రాసిన విద్యార్థికి మార్కు పడదు. అక్కడ ‘వృష్ట్యాం పతితాయాం తటాకః పూర్ణః’ అని సతి సప్తమి (మొదటి పని కర్తనూ, దాని క్రియనూ సప్తమి విభక్తిలో పెట్టే పద్ధతి) వాడాలి. ఈ తేడాను పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి పై సూత్రం కిందనే ప్రత్యుదాహరణతో చూపింది: ‘భుక్తవతి బ్రాహ్మణే గచ్ఛతి దేవదత్తః’. బ్రాహ్మణుడు భోజనం చేశాక దేవదత్తుడు వెళ్తున్నాడు, తిన్నవాడు ఒకడు, వెళ్లేవాడు మరొకడు, కనుక ‘భుక్త్వా’ రాదు. హిందీ సతి సప్తమిని పోగొట్టుకొన్నది గాని, దాని పని చేయడానికి ‘హోనే పర్’, ‘హోనే సే’, ‘హోతే హీ’ అనే కొత్త పనివాళ్లను పెట్టుకొన్నది.

తెలుగులో మాత్రం కర్తలు ఎప్పుడు వేరైనా చెల్లుతుందా అంటే, లేదు. ‘రాము వచ్చి సీత వెళ్లింది’ అని మనమూ అనము, ‘రాము వచ్చాక సీత వెళ్లింది’ అంటాము. మొదటి పని రెండవదానికి కారణమై, రెండూ ఎవరి ఇచ్ఛతోనూ జరగనివైనప్పుడు మాత్రమే మన భాష ఈ సడలింపు ఇస్తుంది. ఈ మాట పిల్లలకు తెలుగు పాఠంలో చెప్పరు. ‘రాము అన్నం తిన్నాడు. రాము బడికి వెళ్లాడు. ఈ సామాన్య వాక్యాలను సంక్లిష్ట వాక్యంగా మార్చండి’ అనే అభ్యాసంలో కర్త ఎల్లప్పుడూ ఒక్కరే. ‘రాము అన్నం తిని బడికి వెళ్లాడు’ అని రాయడం వచ్చిన పిల్లవాడు, ‘రామ్ ఖానా ఖాకర్ స్కూల్ గయా’ అనడంలో ఏ చిక్కూ పడడు. వాడికి చిక్కు వచ్చేది తనకు ఎవరూ చూపించని వాక్యం దగ్గర. వాడు తప్పు రాసినప్పుడు మేము ఎర్రసిరాతో సున్నా చుట్టి ‘హోనే సే’ అని దిద్దేవాళ్లమే గాని, తెలుగులో చెల్లుబాటయ్యేది అక్కడ ఎందుకు చెల్లదో చెప్పేవాళ్లు నాకు ఉపాధ్యాయ గదుల్లో అరుదుగా కనబడ్డారు.

ఈ నియమానికి వంకరలు లేవని అనను. ‘ఉసే దేఖ్‌కర్ ముఝే ఖుషీ హుయీ’ అన్నప్పుడు వ్యాకరణరీత్యా ‘హుయీ’కి కర్త ‘ఖుషీ’. చూసినవాడు మాత్రం ‘ముఝే’ అన్న చతుర్థిలో కూర్చున్నాడు. ‘అతణ్ణి చూసి నాకు సంతోషం కలిగింది’ అని మనమూ, ‘తం దృష్ట్వా మమ హర్షో జాతః’ అని సంస్కృతజ్ఞులూ అంటారు. మూడు భాషల్లోనూ సంతోషం అనుభవించేవాడే కర్తగా లెక్కకు వస్తున్నాడు. గడియారం చూసి ‘దస్ బజ్‌కర్ పాంచ్ మినట్’ అనే హిందీ వాడుక దీనికన్నా విచిత్రమైనది, దానికి కర్త ఎవరో చెప్పమంటే నేనూ చెప్పలేను. ఇక పూర్వకాలం అనే రెండవ షరతును సడలించిన ఘనత పాణిని సూత్రాలకు చేర్పులు రాసిన వార్తికకారుడిది. ‘ఆస్యం వ్యాదాయ స్వపితి’ అనే ప్రయోగంలో నోరు తెరవడం ముందు, నిద్రపోవడం తరువాత అని లేదు, రెండూ కలిసే సాగుతాయి, అయినా ఈ ప్రయోగాన్ని ఒప్పుకోవాలని ఆయన ప్రత్యేకంగా చేర్చాడు. ‘నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు’, ‘ముంహ్ ఖోల్‌కర్ సో రహా హై’. ఇన్ని శతాబ్దాల తరువాత కూడా మూడు భాషల్లో ఆ మనిషి ఒకే భంగిమలో నిద్రపోతున్నాడు!

తుమున్నర్థకం కథ దీనికి తలకిందులు. వేదభాషలో ‘చేయడానికి’ అనే అర్థం తెలిపే రూపాలు లెక్కకు మిక్కిలి. పాణిని ఛందస్సుకు, అంటే వేదభాషకు, పరిమితం చేస్తూ ఒక్క సూత్రంలోనే పదిహేను ప్రత్యయాలను పోగుచేశాడు. ‘జీవసే’, ‘పాతవే’, ‘పిబధ్యై’ వంటివి ఆ కోవలోవే. లౌకిక సంస్కృతానికి వచ్చేసరికి అవన్నీ పోయి ‘తుమ్’ ఒక్కటే నిలిచింది: గంతుమ్, కర్తుమ్. హిందీలో ఆ ఒక్కటీ పోయింది. ‘జానా’, ‘కర్‌నా’లలోని ‘నా’ సంస్కృతంలో ‘గమనం’, ‘కరణం’ అనే భావార్థక నామాల నుంచి వచ్చిందని కొందరు, ‘కరణీయ’లోని ‘అనీయ’ నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. ఏదైనా అది నామం వంటిదే. అందుకే ‘జానే కో’, ‘జానే కే లియే’, ‘జానే మేం’ అని విభక్తులన్నీ దాని వెంట వస్తాయి, ‘గంతుమ్’కు ఏ విభక్తీ చేరదు. ‘నేను పుస్తకం చదవాలి’ అనేదానికి ‘ముఝే కితాబ్ పఢ్‌నీ హై’ అన్నప్పుడు క్రియ కితాబ్ లింగాన్ని అనుసరించి ‘పఢ్‌నీ’ కావడం చూస్తే, ‘మయా పుస్తికా పఠితవ్యా’ అనే కృత్య ప్రత్యయపు (‘చేయవలసిన’ అనే అర్థమిచ్చే ‘తవ్య’ వంటి ప్రత్యయపు) అలవాటు గుర్తుకు రాక మానదు. చదవవలసినవాడు తృతీయ నుంచి చతుర్థికి జరిగాడు గాని, క్రియ కర్మతో కలిసి నడవడం మారలేదు. మన పిల్లలు ‘ముఝే కితాబ్ పఢ్‌నా హై’ అంటారు. హైదరాబాద్ వీధిలో అందరూ అలాగే అంటారు కనుక వారిని నేను పెద్దగా తప్పుపట్టను, పరీక్షలో మాత్రం ‘పఢ్‌నీ’ రాయమంటాను.

ఇక్కడ కూడా సమానకర్తృత్వం వదలలేదు. ‘గంతుమ్ ఇచ్ఛతి’ అంటే తానే వెళ్లాలనుకొంటున్నాడని అర్థం, కోరేవాడూ వెళ్లేవాడూ ఒక్కరే కావాలని పాణిని మరొక సూత్రంలో చెప్పాడు. హిందీలో ‘వహ్ జానా చాహ్‌తా హై’ కూడా అంతే. నేను వెళ్లాలని అతడు కోరితే ‘వహ్ చాహ్‌తా హై కి మైం జాఊం’ అని వాక్యం విరిచి ‘కి’ పెట్టక తప్పదు. శక్త్యర్థంలో మాత్రం హిందీ తన దారి తాను చూసుకొన్నది. ‘గంతుం శక్నోతి’, ‘వెళ్లగలడు’ అని సంస్కృతమూ తెలుగూ తుమున్నర్థకంతో చెప్పే చోట, హిందీ ఒట్టి ధాతువు పెట్టి ‘జా సక్‌తా హై’ అంటుంది. ‘కర్ చుకా’, ‘కర్ రహా’లలోనూ ఆ ఒట్టి ధాతువే. ‘కర్ రహా హై’ అంటే మాటకు మాటగా ‘చేసి ఉండిపోయాడు’ అని విప్పుకోవాలి. మనం ‘చేస్తూ ఉన్నాడు’ అని శత్రర్థకంతో చెప్పేది వారు క్త్వార్థకంతో చెబుతున్నారు.

శత్రర్థకం, క్తాంతం (‘గత’, ‘కృత’ వంటి భూతార్థక విశేషణం) సంగతి చూస్తే హిందీ వ్యాకరణమంతా అసమాపక క్రియల మీద నిలబడిందా అనిపిస్తుంది. సంస్కృత శతృ రూపం ‘అంత’గా ప్రాకృతంలోకి దిగి, ‘కరంతఉ’ అయి, ‘కర్తా’ అయింది. ‘వహ్ కర్తా హై’లో సమాపక క్రియగా చలామణి అవుతున్నది నిజానికి ఆ విశేషణమే. ‘కర్తే హైం’, ‘కర్తీ హై’ అని లింగవచనాలను బట్టి మారడానికి కారణం అదే. సంస్కృత వర్తమాన క్రియకు లింగంతో పని లేదు, ‘గచ్ఛతి’ అంటే వెళ్లేది రాముడైనా సీతైనా ఒకటే. భూతకాలమూ అంతే. ‘గత’ నుంచి ‘గయా’, ‘కృత’ నుంచి ‘కియా’. ‘రామేణ రావణో హతః’, ‘సీతయా రోటికా ఖాదితా’ అనే కర్మణి వాక్యాల ధోరణే ‘సీతా నే రోటీ ఖాయీ’లో ఉన్నది. క్రియ కర్మతో కలిసి లింగం మార్చుకోవడం పిల్లలకు పిచ్చెక్కిస్తుంది. సంస్కృతం చదివిన పిల్లవాడికి ఈ ఒక్క మాట చెబితే ‘నే’ భయం సగం తీరుతుంది. (‘నే’ సంస్కృత ‘ఏన’ నుంచి వచ్చిందని చాలామంది చెప్పే మాటను మాత్రం నేను తరగతిలో చెప్పలేదు. ధ్వనుల లెక్క దానికి కుదరదు.)

ఈ సందర్భంలోనే ‘లానా’ ముచ్చట చెప్పాలి. ‘తెచ్చాడు’ అనడానికి ‘ఉస్‌నే కితాబ్ లాయీ’ అనకూడదనీ, ‘వహ్ కితాబ్ లాయా’ అనాలనీ, ‘లానా, భూల్‌నా, బోల్‌నా’లకు ‘నే’ రాదనీ గైడ్లు మూడు ముక్కల్లో చెప్పి వదిలేస్తాయి. కోఠీలో దొరికే ఏ గైడు తీసినా అంతే. సకర్మక క్రియ అయివుండి ‘లానా’కు ‘నే’ ఎందుకు రాదని ఆలోచించే పిల్లవాడికి జవాబు ఆ మాటలోనే దాగి ఉన్నది. అది ‘లే ఆనా’, అంటే ‘తీసుకొని వచ్చు’. ‘లే’ అసమాపకం, ‘ఆనా’ అసలు క్రియ, ఆ ‘ఆనా’ అకర్మకం, అకర్మకానికి ‘నే’ రాదు. రెండు మాటలు కరిగి ఒక్కటైనా నియమం లోపలి క్రియదే. మన ‘తీసుకొచ్చాడు’ కూడా అటువంటి కలయికే కనుక తెలుగు పిల్లలకు దీన్ని చూపించడం నిమిషం పని. సంస్కృతంలో ‘గృహీత్వా ఆగచ్ఛతి’ అని రెండు మాటలూ విడివిడిగా కళ్లెదుట ఉంటాయి.

విభక్తి పోయినందువల్ల హిందీకి జరిగిన నష్టం కూడా ఉన్నది. ‘ధావన్ అహం తమ్ అపశ్యమ్’ అంటే పరుగెత్తుతున్నది నేను. ‘ధావంతం తమ్ అపశ్యమ్’ అంటే పరుగెత్తుతున్నది వాడు. ‘మైంనే ఉసే దౌడ్‌తే హుఏ దేఖా’ అన్నప్పుడు ఇద్దరిలో ఎవరో సందర్భం చెప్పాలి. మన భాషలో ‘పరుగెత్తుతూ చూశాను’, ‘పరుగెత్తుతుండగా చూశాను’ అని రెండు రూపాలు ఉండటం వల్ల ఈ బాధ చాలావరకు లేదు. ధాతుజ విశేషణంలో మన సౌలభ్యం ఇంకా ఎక్కువ. ‘నేను చదివిన పుస్తకం’ సరే, ‘మేరీ పఢీ హుయీ కితాబ్’, ‘మయా పఠితం పుస్తకం’ అని వారూ చెప్పగలరు. ‘నువ్వు వచ్చిన బస్సు’ అనే మాటకు మాత్రం హిందీ, సంస్కృతాలు రెండూ చేతులెత్తేసి, ‘జిస్ బస్ సే తుమ్ ఆయే’, ‘యేన యానేన త్వమ్ ఆగతః’ అని యత్తదర్థక వాక్యం చేయవలసిందే. ‘తుమ్ ఆయీ హుయీ బస్’ అని రాసిన సమాధాన పత్రాలు దిద్దని హిందీ పండిట్ తెలుగునాట ఉండడు.

ఈ పోలికలు చూసి, హిందీ ఈ ధోరణులన్నీ ద్రావిడ భాషల నుంచి తెచ్చుకొన్నదని వాదించేవారున్నారు. ఇటువంటి అసమాపక క్రియ భారతదేశపు భాషలన్నిటికీ ఉమ్మడి లక్షణాలలో ఒకటని ఎమెనో అనే అమెరికన్ భాషావేత్త 1956లో గుర్తించిన తరువాత ఆ వాదానికి బలం వచ్చింది. నా మట్టుకు నేను అంత దూరం పోను. ఋగ్వేదంలోనే ‘త్వా’తో పాటు ‘త్వీ’, ‘త్వాయ’ రూపాలు కూడా ఉన్నాయి. అరువు తెచ్చుకొన్నారో, ఉన్నదాన్ని పక్కింటివారిని చూసి ఎక్కువ వాడారో తేల్చడం ఇంత పాత విషయంలో కష్టం. కాని మన కళ్లముందు జరిగిన అరువు ఒకటున్నది. ‘వస్తానని చెప్పాడు’ అన్నదానికి దక్కనీలో ‘ఆతూఁ బోల్కే బోలా’ అంటారు. ‘అను’ ధాతువు క్త్వార్థకమైన మన ‘అని’కి ఇది అచ్చంగా ప్రతిబింబం. ఢిల్లీ హిందీలో అక్కడ పారసీకపు ‘కి’ వస్తుంది. ‘ఆగమిష్యామి ఇతి ఉక్తవాన్’ అని ‘ఇతి’ని మాట చివర పెట్టే సంస్కృతపు వాక్యక్రమం మన గోల్కొండ దక్కనీలోనే ఎక్కువ కనబడటం విశేషం. దీన్ని అపభ్రష్టమని కొట్టిపారేయడం కన్నా, పిల్లలకు మూడు వాక్యాలూ పక్కపక్కన రాసి చూపించడం మేలు.

అందువల్ల మీ విద్యా పేజీ నిర్వాహకులకు నా మనవి ఇది. ‘ధాతువుకు కర్ చేర్చండి’ అనే సూత్రం కింద ‘రెండు పనులూ చేసినవారు ఒక్కరే అయినప్పుడు మాత్రమే’ అని ఒక్క పంక్తి చేర్చి, ‘తాలాబ్’ వాక్యాన్ని సవరించండి. వీలైతే ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు మీరు ఇచ్చే మాదిరి ప్రశ్నలలో, కర్త ఒకరే ఉన్న వాక్యాలతో పాటు కర్తలు వేరైన ‘గాలివాన వచ్చి చెట్లు కూలాయి’, ‘కరెంటు పోయి ఫ్యాన్ ఆగింది’ వంటివి కూడా ఇచ్చి, హిందీలోకి మార్చమనండి. ‘కర్’ ఎక్కడ వస్తుంది, ‘-నే సే’ ఎక్కడ వస్తుంది, ‘-నే కే బాద్’ ఎక్కడ వస్తుంది అనే మూడు గళ్లు గీసి, ఒక్కో వాక్యాన్ని తగిన గడిలో రాయించండి. ఇంటర్‌లో సంస్కృతం తీసుకోబోయే పిల్లలకు నాలుగవ గడి ఒకటి, సతి సప్తమికి, అదనంగా గీసి ఖాళీగా ఉంచితే, వచ్చే ఏడాది దాన్ని నింపే పని నాలాంటివారు చూసుకొంటారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత హిందీ పండిట్,
నల్లకుంట, హైదరాబాద్.